పారమ్మ వెలసిన జంటేరుల గట్టు

పూర్వం హేమవాటి దేశపు మధ్యసీమలో, తూర్పున అరుణానదికీ పడమట శ్యామలానదికీ పుట్టినిల్లయిన ఎత్తైన గట్టుమీద, ఒకే ఊట రెండు పాయలై రెండు దిక్కులకూ ప్రవహిస్తూ ఉండేది. మూడేళ్లు వరుసగా వానలు లేక భూములు బీటలు వారగా, తూర్పుసీమను ఏలుతున్న విక్రాంతభూపతి ఆ నీరంతా తన ప్రజలకే దక్కాలని తలచి, పడమటి పాయకు అడ్డుకట్ట వేయవలసిందిగా మట్టిపనివారి పెద్ద అయిన పోలసానిని ఆజ్ఞాపించాడు.

పోలసాని, భర్త గతించిన నాటినుండి నలభై కుటుంబాలను పారపనితో పోషిస్తూ వచ్చిన ఇల్లాలు. రాజాజ్ఞ కాదంటే ఆ కుటుంబాలకు నిలువనీడ ఉండదని భయపడి, మనసొప్పకపోయినా కట్ట వేయించింది. కట్ట పూర్తయిన మూడవనాటికి ఊటే ఇంకిపోయింది. ఎంత లోతు తవ్వించినా రాయి తగిలిందే గాని తేమ తగలలేదు.

ఆ సమయంలో పడమటి పల్లెనుండి నిండుచూలాలొకతె ఖాళీ కడవతో గట్టెక్కి వచ్చి, కట్టను చూసి, పల్లెత్తు మాట అనక, "అమ్మా, నీళ్లకు దారి తీసే చేతులు గదా నీవి! వీటితో ఈ పని ఎట్లా చేశావు?" అని మాత్రం అడిగింది. ఆ మాట పోలసాని గుండెలో ములుకులా దిగింది. తనవారినెవరినీ పార ముట్టనీయక, ఒంటరిగా కట్టను తెగగొట్టసాగింది.

వార్త విని భూపతి పరివారంతో వచ్చేసరికి చివరి గంపెడు మట్టి మాత్రమే మిగిలి ఉంది. "ఎవరి అనుమతితో తవ్వుతున్నావు?" అని ఆయన కత్తి దూయగా, పోలసాని పార దించక, "తప్పు నా ఒక్కదానిదే మహాప్రభూ. తల తీయించండి, కాని ఈ గంప ఎత్తాక తీయించండి" అని, ఊటతల్లికి మొక్కి చివరి వేటు వేసింది.

పార రాతిని తాకిన చోటునుండి నిలువెత్తు ధార ఎగసి, తూర్పుకూ పడమటికీ సమంగా చీలి పరుగెత్తింది. భూపతి కత్తి ఒరలో పెట్టి, ఆ నీటిని దోసిట పట్టి తొలుత గట్టుమీదే నిలిచి ఉన్న ఆ చూలాలికే అందించాడు. ఆపై ఆయన వంశంలో ఎవరూ కట్ట ఊసెత్తలేదు.

నేటికీ ఆ రాతిమీద పార అంచంత గంటు కనిపిస్తుంది. వైశాఖ పౌర్ణమినాడు ఇరుసీమలవారూ గట్టెక్కి, ఒకరి కడవలు మరొకరు నింపిన తరువాతే, కాలాంతరంలో ఆ గట్టుమీదే పారమ్మగా వెలసిన పోలసానికి నైవేద్యం పెడతారు. ఆ పేరు చేతి పారనుబట్టి వచ్చిందని తూర్పువారు, పారే నీటినిబట్టి వచ్చిందని పడమటివారు వాదించుకుంటారు. పూజారి మాత్రం ఇద్దరికీ ఔనని చెప్పి తీర్థమిస్తాడు.