నాలుగో గంట

చేపల చెరువు గట్టు మీద, ఒకప్పుడు పొగాకు ఆరబెట్టిన పాడుబడిన బ్యారన్ కొట్టం ఒకటుంది. మనుషులు వదిలేసి పోయాక జంతువులు దాన్ని ఊడ్చి, అలికి, చర్చి చేసుకున్నాయి. ఆదివారం వస్తే చాలు, కోడిపెట్టలూ ఆడమేకలూ ఎడమవైపు చాపల మీద, పుంజులూ పోతులూ కుడివైపు. ఎలీషా అనే ముసలి ఎద్దు వాక్యం చెప్పేవారు. ఆయన్ని అందరూ అయ్యగారనే పిలిచేవారు. ప్రతి మాటా నెమరు వేసి మరీ చెప్పేవారు కాబట్టి, ఆరాధన ముగిసేసరికి ఎండ నడినెత్తికి వచ్చేది.

ఆ చర్చిలో మూడు గంటలు కొడతారు. ఎందుకంటే, మొదటి గంటకు స్నానం చేయాలి, రెండో గంటకు బయలుదేరాలి, మూడో గంటకు చాప మీద కూర్చోవాలి. ఈ సంగతి అక్కడ నిన్న పుట్టిన కోడిపిల్లకు కూడా తెలుసు. అందరికీ తెలుసు కాబట్టి ఎవరూ ఎవరికీ చెప్పరు. చిక్కంతా అక్కడే వచ్చింది.

సలోమి బాతుకు తెలియదు మరి. వరదల్లో గుంపు నుంచి తప్పిపోయి ఈ చెరువుకు కొట్టుకొచ్చింది. వాళ్ళ లంకలో చర్చికి గంటా లేదు, గోడా లేదు. నీళ్ళ మీద తేలుతూనే పాడుకునేవారు. ఇక్కడ ఆరాధన అయ్యాక తలా ఒకటి తెచ్చి, అన్నీ కలిపి ప్రేమవిందు తింటారని విని, మొదటి ఆదివారమే చేపల పులుసు గిన్నె పట్టుకుని వచ్చింది.

గుమ్మంలో జకరయ్య నక్క నిలబడి ఉన్నాడు. మారుమనస్సు పొందానని చెప్పి, గుమ్మం దగ్గర సేవ అడిగి మరీ తీసుకున్నాడు. కోళ్ళు అతని మీద ఒక కన్ను వేసే ఉంచేవి. గిన్నెల మీద మాత్రం ఎవరూ కన్ను వెయ్యలేదు.

"వందనాలమ్మా! కొత్తా?"

"అవునన్నా. లోపలికి రావచ్చా?"

"అయ్యో, ఎందుకు రాకూడదు? కాకపోతే ఒక పద్ధతుంది. మూడో గంట పాతవాళ్ళకి. కొత్తవాళ్ళకి నాలుగో గంట కొడతారు. అందాకా ఆ కిటికీ కింద నిలబడు. గిన్నె ఇలా ఇవ్వు, బరువు."

మూడో గంట మోగింది. లోపల పాటలు అయ్యాయి, ప్రసంగం అయింది, కంచాల చప్పుడూ నవ్వులూ వినిపించాయి. నాలుగో గంట మోగలేదు. చివరికి జకరయ్య తళతళలాడే ఖాళీ గిన్నె తెచ్చి ఇచ్చాడు.

"నన్ను పిలవలేదేం అన్నా?"

"అయ్యగారికి నీ మీద ఇంకా గురి కుదరలేదమ్మా. పులుసు మాత్రం అందరూ తిన్నారు. ఉప్పు తక్కువైందన్నారు."

రెండో వారం ఉప్పు సరిచేసి తెచ్చింది. కారం చాలదన్నారట. మూడో వారం కారం దట్టించింది. రొయ్యలైతే బాగుండేదన్నారట. వారం వారం కిటికీ కింద నిలబడడంతో పాటలన్నీ నోటికి వచ్చేశాయి. పైకి పాడితే ఎవరేమనుకుంటారోనని ముక్కు మూసుకుని లోలోపలే పాడుకునేది. ఒకరోజు ఎస్తేరమ్మ మేక పక్కనే పోతూ, "ఎంత పొగరో చూడు! గుమ్మం దాకా వచ్చి లోపలికి అడుగు పెట్టదు," అనడం కూడా చెవిన పడింది.

నాలుగో ఆదివారం సలోమి ఒక నిర్ణయానికి వచ్చింది. ఇవాళ పిలిస్తే సరే, లేదంటే రేపు పొద్దున్నే ఈ చెరువు వదిలి వెళ్ళిపోవాలి. రొయ్యల కూర జకరయ్య చేతికిచ్చి కిటికీ కింద నిలబడింది. లోపల ఎత్తుకున్న పాట వాళ్ళ లంకలో పాడే పాటే. గొంతు దురద పెట్టింది. గంట వైపు చూసింది. తాడు ఊరికే వేలాడుతోంది. గంట కొట్టే ముసలి పుంజు లోపల కూర్చుని హాయిగా పాడుతున్నాడు.

"పాపం, ముసలాయన. మర్చిపోయి ఉంటాడు," అనుకుంది సలోమి. గబగబా వెళ్ళి, తాడు కాళ్ళతో పట్టుకుని, రెక్కలు టపటపలాడిస్తూ ఒక్క ఊపు ఊపింది.

ఠంగ్!

ఆరాధన మధ్యలో గంట మోగిందంటే ఎవరైనా పోయినట్టు, లేదంటే నిప్పంటుకున్నట్టు. బ్యారన్ మొత్తం బయటికి ఉరికింది.

"ఎవరు పోయారు?"

"ఎక్కడ అంటుకుంది?"

పోయినవాళ్ళూ లేరు, నిప్పూ లేదు. తాడుకు వేలాడుతూ ఒక బాతు ఉంది. గోడ పక్కన, గిన్నెలో తల దూర్చిన నక్క ఉన్నాడు. గిన్నెలోంచి "అప్పుడే ప్రసంగం అయిపోయిందా?" అని వినిపించింది.

"గంట ఎందుకు కొట్టావమ్మా?" అని అడిగారు అయ్యగారు.

"క్షమించండి అయ్యగారూ. నాలుగో గంట కొడితేనే కదండీ కొత్తవాళ్ళు లోపలికి రావాలి. నాలుగు వారాల నుంచీ పుంజుగారు మర్చిపోతున్నారేమోనని..."

"నేను మర్చిపోవడమా!" పుంజు మెడ నిక్కించాడు. "మా తాతల నాటి నుంచీ మూడే గంటలు!"

అందరి చూపులూ నక్క మీదికి తిరిగాయి. ఎస్తేరమ్మ దగ్గరికి వెళ్ళి పరకాయించి చూసింది. "జకరయ్యా, మీసానికి ఆ రొయ్య తోకేంటయ్యా?"

"రుచి చూస్తున్నానక్కా. అయ్యగారికి పెట్టేముందు బాగుందో లేదో..."

"నేను గడ్డి తింటాను జకరయ్యా," అన్నారు అయ్యగారు.

చెరువు గట్టు అదిరిపోయేలా నవ్వారు. సలోమి కూడా తాడు వదిలేసి కింద పడి మరీ నవ్వింది.

అయ్యగారు మాత్రం తల అడ్డంగా ఊపారు. "నవ్వింది చాలు. నాలుగు వారాలు ఒక ఆడబిడ్డ మన కిటికీ కింద నిలబడి ఉంటే, ఎందుకమ్మా అని మనలో ఒక్కరం అడిగామా?"

ఎస్తేరమ్మ ముఖం చిన్నబోయింది. "నేను పొగరనుకున్నాను తల్లీ. రా, నా చాప మీదే కూర్చుందువు గాని," అని రెక్క పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. ఆగిన పాట మళ్ళీ ఎత్తుకున్నారు. సలోమి గొంతు విప్పింది. శ్రుతి లేదు, తాళం లేదు. కోళ్ళు ఒక్క క్షణం బిత్తరపోయి, ఆ పైన ఇంకా గట్టిగా అందుకున్నాయి. అయ్యగారు గిట్టతో తాళం వేశారు.

జకరయ్యను ఎవరూ వెళ్ళగొట్టలేదు. ఆ పూట వడ్డన పని అప్పగించారు. వడ్డించేవాడు అందరి తర్వాతే తినాలి కదా! కోడిపిల్లలు మూడేసి సార్లు అడిగి వేయించుకున్నాయి, పుంజు మారు మీద మారు అడిగాడు, సలోమి కడుపునిండా తింది. చిట్టచివరికి జకరయ్య కంచం ముందు కూర్చుని కుండలోకి తొంగి చూస్తే, ఒక్క కరివేపాకు రెబ్బ మిగిలి ఉంది.

నీతి: తలుపు తెరిచే ఉందని లోపలివాళ్ళకు తెలిస్తే చాలదు, బయట నిలబడ్డవాళ్ళ దగ్గరికి వెళ్ళి ఆ మాట చెప్పాలి.