చాపల గుడికి ఆ పేరు వచ్చిన వైనం

“పెట్టె దొరకలేదు వదినా! లష్కరంతా తిరిగాను, ఒక్క పలక కూడా లేదు!” అని మరిది ఫిలేమోను వీధి మొదట్నుంచే వేసిన కేక గడపలో కూర్చున్న తబితమ్మ చెవిని పడేసరికి, లోపల ఆమె పెనిమిటి సీమోను మేస్త్రి చాపమీద చల్లబడి ఉన్నాడు.

పూర్వం, సికింద్రాబాదును జనమంతా లష్కరని పిలుచుకునే కాలంలో, గత్తర, అంటే మనం కలరా అంటామే అదే, ఆ మహానగరాన్ని పట్టి పీడించగా, బళ్ళ రాకపోకలు నిలిచిపోయి, ఉన్న కలపంతా కాష్ఠాలకూ శవపేటికలకూ చెల్లిపోయిన దుర్దినాల మాట ఇది. సీమోను మేస్త్రి బందరు నుంచి పటాలం వెంట వచ్చిన వడ్రంగి. దండు నడుమ ఆంగ్లికను సంఘపు దొరలు నల్లరాతితో, రంగురంగుల అద్దాలతో మహోన్నతంగా కట్టించుకున్న దేవాలయంలో టేకు బల్లలన్నీ ఆయన చేతి పనే. ఒక్కో బల్లకు ఒక చిన్న తలుపు, తలుపుకొక గడియ, దాని మీద ఒక దొర కుటుంబం పేరు. మధ్యాహ్నం తెలుగు ఆరాధనకు మనవాళ్ళు వచ్చేవేళకు ఆ బల్లలన్నీ ఖాళీగానే ఉండేవి గాని, గడియ ముట్టే సాహసం ఎవరికుంటుందండీ? వెనకగోడ దగ్గర ఈతచాపలు పరుచుకొని, అక్కణ్ణుంచే దేవుణ్ణి స్తుతించేవారు.

సీమోనుకు దొరల కొలబద్ద మీద నమ్మకం లేదు. బల్లకు పలక కోయాలంటే దానిమీద తాను వెల్లకిలా పడుకొని, తలకాడా కాళ్ళకాడా సుద్దతో గీసుకునేవాడు. పని చూసే దొర నవ్వి, అది కూర్చునే బల్లగాని పడుకునే మంచం కాదన్నాడట. “ప్రసంగంలో కునుకు పడితే తమకు కాళ్ళు చాపుకోను చాలాలి గదండీ” అన్నాడట సీమోను. ఆ మాట చెప్పుకొని తబితమ్మ ఎన్నాళ్ళు నవ్విందో! ఇప్పుడు లోపలికొచ్చి ఆ కాళ్ళ దగ్గరే కూర్చుని, ఈగలు తోలుతూ ఉండిపోయింది.

ఆ గుడిలో ఒక కట్టడి ఉండేది. పెట్టె లేని శవానికి గుడి పక్క సమాధుల తోటలో చోటు లేదు. అలాంటివాళ్ళను సాయంత్రం బండి వచ్చి ఎత్తుకుపోయి ఊరిబయట గోతిలో పడేసేది. పాట లేదు, ప్రార్థన లేదు, ఫలానావాడు ఇక్కడున్నాడని చెప్పుకునే రాయి లేదు. వీధి చివర ఆ బండి గంట వినబడేసరికి తబితమ్మ లేచి, కొంగు బిగించి, “బండివాణ్ణి ఆపు ఫిలేమోనూ, నేనొచ్చేదాకా మీ అన్నను కదపనీయకు” అని చెప్పి గుడికి నడిచింది.

పాదిరి దొర ఇంకా గడ్డం సరిగా రాని కుర్రవాడు. పెట్టె చేయను ముందు వరుస మొదటి బల్ల ఇప్పించమని ఆమె అడగ్గానే ఆయన ముఖం పాలిపోయింది. అది కర్నలు దొర కుటుంబానిదనీ, వాళ్ళు జబ్బుకు జడిసి నీలగిరులకు వెళ్ళారనీ, వాళ్ళ అనుమతి లేనిదే తాను ముట్టలేననీ వచ్చీరాని తెలుగులో చెప్పాడు.

“ఆ బల్ల కొలత మా ఆయన పొడుగే అయ్యా. దానిమీద పడుకొని గీసుకున్నాడు. వాళ్ళొస్తే ఇంకో బల్ల చేయించుకుంటారు. నాకు ఇంకో సీమోను లేడు” అంది తబితమ్మ.

 దొర కోటు విప్పి పక్కన పెట్టి, తానే పోయి ఆ గడియ తీశాడు.

ఇక్కడే జనం నేటికీ చేతులు జోడించే మహిమ ఉంది. బల్ల విప్పి పెట్టెగా బిగించినప్పుడు ఫిలేమోనుకు పొడుగున రంపం పెట్టవలసిన పనే రాలేదు. అన్న తలా కాళ్ళూ, ఎప్పుడో గీసి చెరిపిన ఆ సుద్దగీతల మధ్య అచ్చంగా ఇమిడిపోయాయి.

ఒక గడియ తీశాక మిగతావి ఆగుతాయా? కర్నలు దొర దగ్గర్నుంచి నిప్పులు కక్కుతూ కబురొచ్చింది. అది వచ్చేనాటికి ముందు వరుసలన్నీ మట్టిలోకి దిగిపోయాయి. ఆ కబురు అందుకోవలసిన పాదిరి దొర కూడా ఒక బల్లలోనే దిగిపోయాడు పాపం.

గత్తర తగ్గాక మొదటి ఆదివారం, మిగిలినవాళ్ళు వచ్చి, బల్లలు పోయిన ఖాళీలో, బలిపీఠం ఎదుటే తమ ఈతచాపలు పరుచుకున్నారు. ఆరాధన ముగిసినా ఎవరూ లేవలేదు. ఎక్కడికి లేస్తారండీ? చావింట్లో పొయ్యి వెలగదు, ఇరుగుపొరుగు వండి తేవాలి. ఆ ఏడు ఇరుగూ చావిల్లే, పొరుగూ చావిల్లే. పిల్లలు ఎన్నాళ్ళుగానో అటుకులే నములుతున్నారు.

“గుడి వాకిట్లో పొయ్యి పెట్టు” అంది తబితమ్మ.

“ఇది మాత్రం చావిల్లు కాదా వదినా? ఈ ఇంటి కొడుకే గదా సిలువమీద పోయింది” అన్నాడు ఫిలేమోను నీరసంగా.

“పోయినాయన మూడో నాడే లేచొచ్చాడు. ఈ ఇంటికి మైల లేదు. వెలిగించు.”

అన్ని రోజుల తరవాత ఎవరో ఒకరు కిసుక్కున నవ్వారు. నవ్వి, వెంటనే ఏడ్చారు.

గుడి ముందు పలకమీద ఎవరో పునీతుడి పేరు ఇంగ్లీషులో చెక్కి ఉన్నా, నేటికీ ఏ ఆటోవాణ్ణడిగినా చాపల గుడి అనే అంటాడు. ముందు వరుసల్లో ఇప్పటికీ బల్లలు వేయరు, చాపలే. ఏటా ఆ ఆదివారం ఆరాధన కాగానే వాకిట్లో పొయ్యి వెలిగించి, పప్పూ అన్నమూ వండి, విస్తళ్ళు వేస్తారు. మొదటి బల్ల ఉండిన చోట ఆ ఏడు పెనిమిటి పోయిన ఆడమనిషిని కూర్చోబెడతారు. ఆమె ముద్ద కలిపేదాకా ఎవరూ విస్తరి ముట్టరు. ఆమె కలుపుతుంది. అప్పుడు అందరూ సర్దుకొని కూర్చుని తింటారు.