టేకు నేల మీద గీతలు

కొండల నడుమ చిత్రవరమని ఒక చిన్న రాజ్యం ఉండేది. దాన్నేలే విజయభూపాలుడికి తన మేడమీది టేకు నేలంటే ప్రాణం. నిగనిగలాడే ఆ చెక్కల మీద పాంకోళ్లతో టకటకా నడుస్తూ, వచ్చినవాళ్లందరికీ చూపించి మురిసిపోయేవాడు.

ఒక ఉదయం నేల నడిమధ్య నాలుగు గీతలు కనిపించాయి. ఇరవయ్యేళ్లుగా ఆ నేల తుడుస్తున్న ఓబులమ్మే నీళ్లబిందె ఈడ్చి ఉంటుందన్నాడు రాజు. బిందె ఎత్తుకునే తిరుగుతానని ఆమె ఎంతో చెప్పుకుంది. రాజు వినలేదు. నేల గీసినవాళ్లు ఇక కోటలో అడుగు పెట్టరాదని నిండుసభలో ఆజ్ఞ ఇచ్చాడు.

మాటకారి అని పేరున్న పేరిభట్టు ఆ సభలోనే ఉన్నాడు. ఆమె అబద్ధమాడదని అతనికి తెలుసు. రాజు కోపం చల్లారాక చెబుదాంలే అని ఊరుకున్నాడు. ఆ తర్వాత చెప్పనూ లేదు.

వడ్రంగి కేశవాచారి వచ్చి గీతల చుట్టూ మెల్లగా నునుపు చేశాడు. టేకుపొట్టును కరిగించిన లక్కలో కలిపి గాడుల్లో నింపాడు. ఆరాక తేనెమైనం రుద్దితే, గీతలెక్కడున్నాయో ఎవరూ పోల్చలేకపోయారు.

వారం తిరక్కుండా అక్కడే కొత్త గీతలు పడ్డాయి. ఈసారి తప్పు వడ్రంగిదేనన్నాడు రాజు.

పేరిభట్టు ఇక ఆగలేకపోయాడు. నేలంతా పలచగా బియ్యప్పిండి చల్లితే దోషి గుర్తులు దొరుకుతాయని, కాపలాకు మాత్రం ఏలినవారిని మించి నమ్మదగినవాళ్లు లేరని విన్నవించాడు. రాజు ఉబ్బిపోయాడు. మీసం తిప్పుకుంటూ మధ్యాహ్నం దాకా ఆ నేల మీద పచార్లు చేశాడు. ఎవరూ రాలేదు.

తర్వాత సభవారంతా మేడమీదికి వచ్చి చూశారు. పిండిలో ఒక్కరి అడుగులే ఉన్నాయి. మళ్లిన ప్రతిచోటా ఒక సన్నని గీత ఉంది. కేశవాచారి రాజుగారి పాంకోడు తిరగేస్తే, మడమ కింద మేకు పైకి లేచి కనిపించింది.

"దోషి దొరికాడు ప్రభూ," అన్నాడు పేరిభట్టు. "శిక్ష తమరు ముందే వేసేశారు. కోట బయట తమకు బస ఎక్కడ చూడాలో సెలవియ్యండి."

రాజు పాంకోడు వంక చాలాసేపు చూశాడు. చివరికి పెద్దగా నవ్వి, చేతి కడియం తీసి ఇవ్వబోయాడు. పేరిభట్టు అది పుచ్చుకోలేదు. ఓబులమ్మ మీది ఆజ్ఞ రద్దు చేయించుకుని, తానే ఆమె ఇంటికి వెళ్లాడు.

జరిగింది చెప్పి, "ఆ రోజే నోరు విప్పాల్సింది, ఓబులమ్మా. తప్పు నాదే," అన్నాడు.

"సభలో నేను మీ వైపే చూశానయ్యా," అంది మెల్లగా.

మర్నాటి నుంచి ఆమె పనిలోకి వచ్చింది. ఇదివరకు పేరిభట్టు కనిపిస్తే పిల్లలెలా ఉన్నారని ఆగి అడిగేది. ఇప్పుడు తలవంచుకుని, బిందె పట్టుకుని, పక్కకు తప్పుకుంటోంది.