బల్ల మీద నీళ్ళ గ్లాసు

గౌరునాయుడికి ఒకటే దిగులు. సొంత షెడ్డు సిద్ధంగా ఉంది, తెరిచే యోగమే లేదు.

అరకు కొండదారి, అదే ఘాటీ, మొదలయ్యే ఎస్.కోటలో, సన్యాసి మేస్త్రి దగ్గర అతను కార్ల పని నేర్చుకున్నాడు. ఆ షెడ్డుకి ఒక ఆనవాయితీ ఉంది. పని వచ్చేసిందనుకున్న శిష్యుడు ఒక బండిని తన చేత్తో బాగుచేసి, మేస్త్రిని పక్కన కూర్చోబెట్టుకుని, ఘాటీ ఎక్కించి అనంతగిరిలో దింపాలి. మేస్త్రి సరే అంటే సొంత షెడ్డు. అనకపోతే మళ్ళీ అవే పానాలు, అదే గ్రీజు. సరే అనిపించుకోకుండా తెరిచినవాడి గుమ్మం లారీవాళ్ళు కూడా తొక్కరు.

మన నాయుడు ఆగే రకమా! రోడ్డుకి అవతల పాక అద్దెకి తీసుకుని, సున్నం కొట్టించి, తన పేరుతో బోర్డు కూడా రాయించేశాడు. మేస్త్రి కంట పడకుండా దాని మీద గోనెపట్టా కప్పాడు. ఊరందరికీ తెలిసిన రహస్యమది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని టీకొట్టు దగ్గర జనం నవ్వుకునేవారు.

అలాంటి రోజుల్లో విజయనగరం నుంచి డాక్టర్ విశాలాక్షమ్మ గారి కారు వచ్చింది. ఎర్రటి పాత విదేశీ బండి. దానికి రెండు కార్బురేటర్లు. ఇంజనుకి గాలీ పెట్రోలూ కలిపి పట్టించేది కార్బురేటరే కదా, రెండున్నప్పుడు రెండూ ఒక్కలా పట్టించాలి. అక్కడే ఉంది తంటా అంతా.

"ఆదివారం అరకులో పాత కార్ల మేళా. దారిలో ఆగిపోయిందంటే నా పరువు పోతుంది నాయుడూ," అందావిడ.

"నా చేతిలో పెట్టేసేరు గదండీ, ఇంక మీకెందుకు బెంగ!" అన్నాడు. ఇదే నా పరీక్ష బండి అని మేస్త్రికి చెప్పేశాడు కూడా.

చెయ్యి మంచిదే, అబద్ధమెందుకు చెప్పాలి. కార్బురేటర్లు రెండూ విప్పి కడిగాడు. రెండింటినీ కలిపే కడ్డీని వదులు చేసి, రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో పెట్టుకుని, రెండో కొస ఒక్కో కార్బురేటరు నోటి దగ్గర పెట్టి, లోపలికి పోయే గాలి చప్పుడు విన్నాడు. రెండు బుసలూ ఒక్కలా వినిపించేదాకా స్క్రూలు తిప్పాడు. ఆ తరవాత కడ్డీ బిగించేసి లేచాడు.

ఇంజను ఆన్‌లో ఉండగానే స్టీలు గ్లాసు నిండా నీళ్ళు పోసి దాని మీద పెట్టాడు. చుక్క ఒలకలేదు. టీకొట్టు జనమంతా వచ్చి చప్పట్లు కొట్టారు. నాయుడు మీసం మెలేశాడు.

"ఎలాగుంది గురువుగారూ?"

మేస్త్రి గ్లాసుకేసి చూశాడు. "బాగుంది. ఎక్కించు," అన్నాడు.

ఎక్కించాడు. మొదటి మలుపు దాటింది. రెండోది దాటుతుంటే కారు కుదుపులు మొదలుపెట్టింది. మూడో మలుపులో దగ్గింది, తుమ్మింది, ఉన్నచోట ఉండిపోయింది. వెనకాల అరకు బస్సు వచ్చి ఆగింది. మేస్త్రి దిగి, వెనక్కెళ్ళి, కారు మీద చెయ్యేసి తోయడం మొదలుపెట్టాడు.

"ఏటి మేస్త్రీ, కారుని నువ్వు ఎక్కిస్తన్నావేటి?" అని బస్సులోంచి కండక్టరు అరిచాడు. బస్సు బస్సంతా నవ్వింది.

తనని తిట్టినా బాగుండేది. ఆ ముసలాయన తోస్తుంటే నాయుడికి లోయలోకి దూకేద్దామనిపించింది.

కారుని తిప్పి షెడ్డుకి దింపుకొచ్చారు. ఆదివారం మర్నాడే. నాయుడు మళ్ళీ స్క్రూల మీద పడ్డాడు. కొంచెం పెట్రోలు పెంచాడు, కొంచెం తగ్గించాడు, ప్లగ్గులు మార్చాడు. ఏం చేసినా షెడ్డులో మటుకు బండి వీణలా పలుకుతోంది. గ్లాసులో నీళ్ళు కదలడం లేదు.

"నా ట్యూనింగులో ఏ తప్పూ నేదు గురువుగారూ. పెట్రోలే కల్తీ అయ్యుంటాది. మీరే సూడండి, గ్లాసు ఎలాగుందో!" అన్నాడు, ఏడుపు గొంతుతో.

మేస్త్రి వచ్చి చూశాడు. ఇంజను మీది గ్లాసు జాగ్రత్తగా తీసి, పక్కనున్న పొడుగాటి పనిబల్ల మీద పెట్టాడు.

"బల్ల ఎండలో ఉంది. ఆ కొస ఒట్టుకో."

ఇద్దరూ చెరో కొసా పట్టుకుని లేపారు. బల్ల గాలిలో సమంగా నిలబడింది. నీళ్ళు గ్లాసు అంచుదాకా ఉన్నాయి, చుక్క తొణకలేదు. నాయుడు దాన్నే చూస్తూ నిలబడ్డాడు.

మేస్త్రి ఉన్నట్టుండి నడిచాడు.

నాయుడి అడుగు పడేలోపలే బల్ల ఊగింది. గ్లాసు బోర్లాపడి నీళ్ళన్నీ నాయుడి పొట్ట మీద పడ్డాయి.

"అదేటండీ! సెప్పకుండా నడిసేస్తే ఎలాగ?"

"నిలబడ్డప్పుడు ఒలికిందేట్రా?"

"నేదు."

మేస్త్రి బల్ల దించి, గ్లాసు ఏరి పక్కన పెట్టి, భోజనానికి వెళ్ళిపోయాడు.

నాయుడు తడిచొక్కాతో అక్కడే నిలబడిపోయాడు. బల్లకేసి చూశాడు. తరవాత తల తిప్పి, రెండు కార్బురేటర్లనీ కలిపే కడ్డీకేసి చూశాడు.

"ఓరి నీ!" అన్నాడు, తనని తనే.

గొట్టం చెవిలో పెట్టుకున్నాడు. ఈసారి ఇంజనుని ఊరికే తిరగనిచ్చి వినలేదు, చేత్తో యాక్సిలరేటరు రవ్వంత లాగి విన్నాడు. ముందు కార్బురేటరు బుస్సుమని లేచింది. వెనకది ఇంకా కునుకు తీస్తోంది, కాసేపాగి గానీ లేవలేదు. కడ్డీ బిగించినప్పుడు ఒక పక్క సందు ఉండిపోయిందన్నమాట. నిలబడ్డప్పుడు రెండూ సమానమే. నడవాల్సి వస్తే ఒకటి వెళ్ళిపోతోంది, ఒకటి ఉండిపోతోంది.

కడ్డీ వదులు చేశాడు. లాగడం, వినడం, సరిచెయ్యడం, మళ్ళీ లాగడం. ఎంత నెమ్మదిగా లాగినా రెండూ ఒక్క ఊపిరిలో లేచేదాకా వదల్లేదు. గ్లాసు సంగతే మరిచిపోయాడు.

ఆదివారం పొద్దున్నే బయల్దేరారు. డాక్టరమ్మ వెనక సీటులో కూర్చుంది. మొదటి మలుపు, రెండోది. మూడో మలుపు రాగానే నాయుడు యాక్సిలరేటరు తొక్కాడు. అమ్మ బాబోయ్, ఏం లాగిందది! కొండని మింగేసేలా లాగింది. ముందు వెళ్తున్న అరకు బస్సుని దాటుతుంటే నిన్నటి కండక్టరు తల బయటపెట్టి నోట్లో వేళ్ళు పెట్టి ఈలేశాడు. డాక్టరమ్మ చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది.

"గురువుగారూ!" అని అరిచి నాయుడు పక్కకి తిరిగాడు.

మేస్త్రి గుర్రు పెడుతున్నాడు.

బండిలో మేస్త్రి నిద్రపోగా చూసినవాడు ఎస్.కోటలో లేడు. ఇంజనులో చీమ తుమ్మినా లేచి కూర్చునే మనిషి. అనంతగిరి వచ్చేదాకా ఆ గుర్రు ఆగలేదు.

అక్కడ ఇద్దరూ దిగారు. డాక్టరమ్మ స్టీరింగు అందుకుని, చెయ్యూపి, అరకు వైపు దూసుకుపోయింది. మేస్త్రి టీ తాగాడు. టీ బాగుందన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు. బస్సులో ఘాటీ దిగుతున్నంతసేపూ అనలేదు. సరే అన్న మాట ఇప్పుడొస్తుంది, ఇప్పుడొస్తుంది అని ఎదురుచూసి నాయుడి ప్రాణం విసిగిపోయింది.

షెడ్డుకి రాగానే మేస్త్రి గ్లాసు నిండా నీళ్ళు పోసి పనిబల్ల మీద పెట్టాడు.

"ఒట్టుకో."

నాయుడు పట్టుకున్నాడు. ఈసారి గ్లాసుకేసి చూడలేదు, గురువు భుజాలకేసి చూశాడు. ఆ భుజం కదిలిందో లేదో ఇతని కాలు లేచింది. షెడ్డు దాటారు. రోడ్డెక్కారు. ఒక లారీ ఆగి దారిచ్చింది. రోడ్డు దాటి, సున్నం కొట్టిన పాకలోకి వెళ్ళారు.

"ఇక్కడ దించు. ఈ బల్ల ఇంక నీది."

నాయుడికి కళ్ళంట నీళ్ళొచ్చేశాయి. వంగి కాళ్ళకి దణ్ణం పెట్టాడు. మేస్త్రి అంచుదాకా ఉన్న గ్లాసు ఎత్తి, గుక్క తిప్పుకోకుండా తాగేసి, మూతి తుడుచుకుని బయటికి నడిచాడు. గుమ్మంలో ఆగి తల పైకెత్తాడు.

"ఇంక ఆ గోనె తీసీరా. నీ పేరుకి ఊపిరాడతన్నాదో నేదో."