తీతువు గుడ్లు, రాయుడి నోరు

ఇప్పలకోన అడవిలో దుప్పులూ అడవిపందులూ ఇరుగుపొరుగుగా బతికేవి. వేసవిలో రాలే ఇప్పపూలంటే రెండింటికీ ప్రాణం. అక్కడే గులకరాళ్ళ మధ్య గుడ్లు పెట్టుకుని ఒక తీతువు పిట్ట ఉండేది. పాపం, అది కూస్తే కీడని దాన్ని పలకరించే దిక్కే లేదు!

దుప్పులకు పెద్ద కొమ్ములరాయుడు. కొమ్ములు మూరెడు, గొప్పలు బారెడు! "పూలన్నీ మనవే" అంటూ ఆ ఏడు పందుల్ని చెట్ల కిందికి రానివ్వలేదు. ఒక పందిపిల్లను కొమ్ములతో ఎత్తి కుదేశాడు కూడా.

ఈరమ్మ అనే దుప్పికి అప్పుడే పిల్ల పుట్టింది. ఇంకా కాళ్ళు నిలవని పసికూన. దాన్ని పొదువుకుని గడ్డిలో పడుకుని ఉంటే, తెలతెలవారుతుండగా తీతువు గొంతు చించుకుని అరిచింది.

"దీని నోరు పడిపోను! పసిబిడ్డ ఉన్నచోట ఇదేం కూత!" అని ఈరమ్మ తిట్టుకుంది.

పిట్ట నెత్తిమీదికే వచ్చింది. "లే తల్లీ, లే! పందులొస్తున్నాయి. బండలెక్కు!"

ఈరమ్మ గబుక్కున లేచింది. పిల్లను మూతితో నెట్టుకుంటూ, పడితే లేపుకుంటూ ఎలాగో బండలు చేరింది. అంతలోనే పందుల మంద వచ్చిపడింది. ఈరమ్మ పడుకున్న చోటంతా దున్నిన చేనులా అయింది. ఎన్నో దుప్పులకు గాయాలయ్యాయి. ఈరమ్మ బిడ్డ మాత్రం దక్కింది.

పొద్దెక్కాక దుప్పులన్నీ రాయుణ్ణి చుట్టుముట్టాయి.

"ఇలా జరుగుతుందని నీకు ముందే తెలుసా, మామా?" అని ఈరమ్మ అడిగింది.

"అమ్మమ్మా, ఎంత మాట! కలలో కూడా అనుకోలేదు. ఇక అందరూ నా వెనక నడవండి, ఆ పందుల అంతు చూద్దాం!" అన్నాడు రాయుడు. అంతటితో ఊరుకున్నాడా? తీతువు గుడ్ల మీదికి కాలెత్తాడు. "అంతా ఈ పాడుపిట్ట వల్లే! కూశావంటే నీ గుడ్లు తొక్కేస్తానని నిన్న సాయంత్రమే చెప్పానా, లేదా?"

దుప్పులన్నీ రాయుడి వైపు తిరిగాయి.

"నిన్న సాయంత్రమా? ఎందుకు కూయొద్దన్నావు మామా?" అంది ఈరమ్మ.

"పందులు కోరలు నూరుతున్నాయని రాయుడికి నిన్ననే చెప్పానమ్మా," అంది తీతువు. "'రానీ! దెబ్బ తగిలితేనే మావాళ్ళు నా మాట వింటారు' అన్నాడు."

ఈరమ్మ గుడ్లకు అడ్డంగా వెళ్ళి నిలబడింది. దాని కళ్ళు చెమ్మగిల్లాయి. "నీ గుడ్లు పోతాయని తెలిసీ నా బిడ్డను కాపాడావా, తల్లీ! నిన్ను తిట్టిన నోరమ్మా ఇది. నీ రుణం ఏమిచ్చినా తీరదు." ఒక్కొక్కటిగా దుప్పులన్నీ వచ్చి ఈరమ్మ పక్కన నిలబడ్డాయి. రాయుడు తల దించుకుని అడవి దాటిపోయాడు.

ఈరమ్మే పందుల దగ్గరికి వెళ్ళింది. దెబ్బతిన్న పందిపిల్ల తల్లికి క్షమాపణ చెప్పి, పూలు ఇద్దరం తిందామంది. పందులకూ కావలసింది అదే.

తీతువు పిల్లలు రెక్కలొచ్చి ఎగిరేదాకా దుప్పులు వంతులవారీగా వాటికి కాపలా కాశాయి.

నీతి: ముప్పును కొనితెచ్చి దాచిపెట్టినవాడు నాయకుడు కాడు, తనకు నష్టమని తెలిసీ హెచ్చరించినవాడే ఆప్తుడు.