కంప్యూటర్ మీద వాచీ

మంగళవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు నవనీత కంప్యూటర్ పెట్టె పక్క మూతకు చివరి స్క్రూ బిగించి, చేతులు చున్నీకి తుడుచుకుంది.

"ఉస్తాద్, అయిపోయింది. వచ్చి చూడుండ్రి," అంది.

హనుమకొండ చౌరస్తాకు దగ్గర్లో, ఒక పాత కాంప్లెక్సు సెల్లార్‌లో చివరి షట్టర్ జబ్బార్ సాబ్‌ది. నలభై ఏళ్లుగా అక్కడే కూర్చుంటున్నాడు. మొదట రేడియోలు బాగుచేశాడు. తర్వాత టేపురికార్డర్లు, టీవీలు. ఇప్పుడు కంప్యూటర్లు. బోర్డు మాత్రం మారలేదు. దాని మీద ఇప్పటికీ రేడియో బొమ్మే ఉంది.

నవనీతకు ఇరవై ఆరేళ్లు. పాలిటెక్నిక్ చదివి ఆయన దగ్గర పని నేర్చుకోవడానికి చేరి రెండేళ్లయింది. ఈ రెండేళ్లూ ఆయన ఎంచిన సామాను ఆయన చెప్పినట్టు బిగించింది. సామాను తానే ఎంచి, తానే కట్టిన మొదటి మిషను ఇది. ఇది బాగుందని ఆయన ఒక్క మాట అంటే, ఇక మీదట ఏ మిషన్లో ఏం వేయాలో ఆమే తేల్చవచ్చు. ఆ మాట జబ్బార్ సాబే ఇచ్చాడు.

ఆయన స్టూలు మీంచి లేచి వచ్చాడు. మిషను ఆన్ చేయమన్నాడు. గాజు పలక వెనక మూడు ఫ్యాన్లు ఎర్రగా, నీలంగా వెలిగాయి. జబ్బార్ సాబ్ వాటి వంక చూడలేదు. గోడ దగ్గరికి పోయి సీలింగ్ ఫ్యాను స్విచ్ ఆపాడు. షట్టర్ సగం దించాడు. చేతికున్న పాత వాచీ విప్పి, కీ ఇచ్చి, కంప్యూటర్ పెట్టె మీద పెట్టాడు. దానికి జానెడు ఎత్తున తల వంచి నిలబడ్డాడు.

ఒక నిమిషం గడిచింది. ఆయన వాచీ తీసి మళ్లీ చేతికి కట్టుకున్నాడు.

"ఇంకా కాలే బేటా," అన్నాడు. ఫ్యాను వేసి తన స్టూలు మీదికి పోయాడు.

"ఏం కాలే ఉస్తాద్?"

ఆయన అప్పటికే ఎవరిదో పాత ఆంప్లిఫయర్ మీద వంగి ఉన్నాడు.

సంగతి అంతకు ముందు శనివారం మొదలైంది. ఆ మధ్యాహ్నం జనగామ నుంచి వీరస్వామి అనే ఆయన షాపుకు వచ్చాడు. సర్కారు బడిలో లెక్కల సారు. ఇంట్లో టీవీకి కలుపుకుని సినిమాలు చూడటానికి ఒక కంప్యూటర్ కట్టివ్వమన్నాడు. పాత సినిమాలు నాలుగైదు వందలు పోగేసి పెట్టుకున్నాడట. ముప్పై అయిదు వేలు దాటితే తన వల్ల కాదన్నాడు.

మాటల మధ్యలో ఆయనకు ఫోన్ వచ్చింది. దాన్ని చెవికి అదిమిపెట్టి, రెండో చెవిలో వేలు పెట్టుకుని, "ఆఁ... ఆఁ... మళ్లీ చెప్పు," అంటూ మూలకు జరిగాడు. అది చూసి జబ్బార్ సాబ్ లేచి సీలింగ్ ఫ్యాను ఆపేశాడు. మే నెల. సెల్లార్. ఆ ఫోను ఆరు నిమిషాలు నడిచింది. నవనీత గోడ మీది గడియారంలో చూసింది.

"ఆయన ముచ్చట్లు పెట్టుకుంటే మనం చెమటల్ల తడవాల్నా? ఎవరన్న గిరాకీ కోసం ఫ్యాను బంద్ చేస్తరా?" అని వీరస్వామి పోయాక అడిగింది.

జబ్బార్ సాబ్ లేచి ఫ్యాను మళ్లీ వేశాడు. "ఈ మిషనుకు సామాను నువ్వే చూడు," అన్నాడు.

ఆమె ఆ రాత్రి, ఆదివారమంతా కూర్చుని చూసింది. ముప్పై అయిదు వేలల్లో ఎంత వేగం పిండవచ్చో అంతా పిండింది. ఆరు కోర్ల ప్రాసెసర్. హైదరాబాద్‌లో తెలిసిన వాళ్ల దగ్గర సగం ధరకు దొరికిన గ్రాఫిక్స్ కార్డు. పెద్ద హార్డ్ డిస్కు. ముందు గాజు పలక, మూడు ఫ్యాన్లు ఉన్న పెట్టె. ఆ ధరకు అంతకంటే గట్టి మిషను వరంగల్ జిల్లాలో ఎవరూ కట్టలేరని ఆమె లెక్క. ఆ లెక్కలో తప్పు లేదు కూడా.

అలాంటి దాన్ని పట్టుకుని, ఒక వాచీ పెట్టి చూసి, కాలేదంటాడు.

మధ్యాహ్నం దాకా ఆలోచిస్తే ఆమెకు తట్టింది. ఫ్యాను ఆపాడు. షట్టర్ దించాడు. గాలి లేకుండా చేసి పెట్టె మీద వాచీ పెట్టాడు. అంటే వేడి చూస్తున్నాడు. మిషను వేడెక్కితే వాచీ వెనక రేకు వెచ్చబడుతుంది. ముసలి మెకానిక్కుల పద్ధతి అయి ఉంటుంది. థర్మామీటర్ లేని రోజుల్లో అలాగే చూసేవాళ్లేమో. ఆ మాట నోటితో చెప్తే ఏం పోయింది?

ఆమె మిషను విప్పింది. ప్రాసెసర్ మీద వేడిని లాగే పేస్టు తుడిచి కొత్తది రాసింది. వైర్లన్నీ వెనక్కి లాగి కట్టింది. పెట్టె పైభాగంలో నాలుగో ఫ్యాను బిగించింది. దాని డబ్బు తన జీతంలో పట్టుకొమ్మని చెప్పాలనుకుంది.

బుధవారం పొద్దున జబ్బార్ సాబ్ మళ్లీ ఫ్యాను ఆపాడు. షట్టర్ దించాడు. వాచీకి కీ ఇచ్చి పెట్టాడు. ఈసారి నిమిషం కూడా ఆగలేదు.

"నిన్నటి కంటే దూరం పోయింది," అన్నాడు.

నవనీత మొహం ఎర్రబడింది. డ్రాయర్‌లోంచి థర్మామీటర్ తెచ్చి ఆయన ముందు పెట్టింది. "చూడుండ్రి. గంట నుంచి నడుస్తుంది. నలభై ఒకటి డిగ్రీలు. ఇంత చల్లటి మిషను మీరు ఎన్నడన్న చూసిండ్రా?"

"చల్లగనే ఉంది," అన్నాడాయన. "నేను వద్దన్ననా?"

పక్క షట్టర్‌లో జిరాక్సులు తీసే ఐలయ్య సగం దించిన షట్టర్ కింది నుంచి తల పెట్టి లోపలికి చూశాడు. "ఏమమ్మా నవనీతా, మీ ఉస్తాద్ కంప్యూటర్‌కు నాడి పట్టి చూస్తుండా? బతుకుతదంటనా?"

"నీ జిరాక్సు మిషను సంగతి చూసుకో అన్నా. పొద్దట్నుంచి కాయితం ఇరుక్కుని ఏడుస్తుంది."

"నా దానికి ఏమైందో నాకు తెలుసమ్మా. నీ దానికి ఏమైందో నీకే తెల్వదు," అని నవ్వి ఐలయ్య తల తీసేశాడు.

ఆ మాట ఆమెకు సాయంత్రం దాకా గుచ్చుకుంటూనే ఉంది. చెప్పాల్సిన వాళ్లు చెప్పరు. సంబంధం లేని వాళ్లు నవ్వుతారు. తప్పు ఇదీ అని ఒక్క ముక్క చెప్తే దిద్దుకోనా? ఇంట్లో అన్నం తిననంది. తల్లి ఏమైందని అడిగితే, "నలభై ఏళ్లు రేడియోలు విప్పినాయనకు కంప్యూటర్ ఏమెరుక," అంది. అన్న తర్వాత ఆ మాట తనకే నచ్చలేదు. అయినా వెనక్కి తీసుకోలేదు.

గురువారం ఆమె మిషనుకు ఏమీ చేయలేదు. ఆన్ చేసి, వేగం చూపించే పరీక్ష నడిపి, తెర మీద వచ్చిన అంకెలు కాగితం మీద రాసి పెట్టుకుంది. జబ్బార్ సాబ్ వచ్చి ఫ్యాను ఆపబోతుంటే అడ్డం నిలబడింది.

"ముందు ఇది చదవుండ్రి ఉస్తాద్."

ఆయన కళ్లజోడు పెట్టుకుని చదివాడు. పై నుంచి కింది దాకా, తొందర లేకుండా. "మంచిగున్నయి అంకెలు."

"ఈ పైసలకు ఇంత స్పీడు ఇంకెవరన్న ఇస్తరా?"

"ఎవరియ్యరు."

"మరి ఏం తక్కువైంది?"

జబ్బార్ సాబ్ కాగితం మడిచి ఆమె చేతికి ఇచ్చాడు. ఫ్యాను ఆపాడు. షట్టర్ దించాడు. వాచీ పెట్టె మీద పెట్టాడు. తల వంచాడు. తల ఎత్తాడు.

"కాలే," అన్నాడు.

"ఇగ నాతోని కాదు," అంది నవనీత. చేతిలో కాగితం నలిపేసింది. "మూడు దినాలైంది. ఏం తప్పో చెప్పరు. చెయ్యి పెట్టి చూపియ్యరు. వాచీ పెడుతరు, కాలే అంటరు. నేనేమన్న జ్యోతిష్యం నేర్చుకుందామని వచ్చిన్నా? నచ్చకుంటే నచ్చలేదని చెప్పుండ్రి, మీరే కట్టుకోండ్రి. నేను పోత."

టిఫిన్ డబ్బా సంచీలో వేసుకుంది. చెప్పులు తొడుక్కుంది.

జబ్బార్ సాబ్ ఆపలేదు. "పో బేటా," అన్నాడు. "పోతూ పోతూ ఆ మిషను బంద్ చేసి పో."

ఆమె విసురుగా వెళ్లి స్విచ్ నొక్కింది. నాలుగు ఫ్యాన్లు నెమ్మదించాయి. ఒక్కొక్కటిగా ఆగాయి. లోపల హార్డ్ డిస్కు ఒకసారి గొణిగి ఊరుకుంది.

సెల్లార్‌లో ఏ చప్పుడూ లేదు. ఉంది. పెట్టె మీద ఏదో సన్నగా కొట్టుకుంటూ ఉంది.

వాచీ.

రెండేళ్లుగా ఆ వాచీని రోజూ చూస్తోంది. దానికి చప్పుడు ఉందని ఆమెకు తెలియదు.

నవనీత స్విచ్ మీద వేలు పెట్టి మళ్లీ ఆన్ చేసింది. ఫ్యాన్లు లేచాయి. వాచీ పోయింది. ఆపింది. వాచీ వచ్చింది.

జబ్బార్ సాబ్ ఆంప్లిఫయర్‌లో ఊడిన వైరును టాంకా వేసి అతుకుతున్నాడు. తల తిప్పలేదు.

ఆమె చెప్పులు విడిచి, సంచీ కొక్కేనికి తగిలించి, స్క్రూడ్రైవర్ తీసుకుంది.

ముందు నాలుగో ఫ్యాను తీసింది. తర్వాత గ్రాఫిక్స్ కార్డు తీసింది. అన్ని చప్పుళ్లకూ పెద్ద అది. పాత సినిమా ఆడటానికి ప్రాసెసర్‌లోనే ఉండే గ్రాఫిక్స్ చాలు. ఆ సంగతి ఆమెకు మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసీ వేసింది. తక్కువ కరెంటు తాగే చిన్న ప్రాసెసర్‌కు మారింది. దాని మీద నిదానంగా తిరిగే పెద్ద ఫ్యాను ఒక్కటే పెట్టింది. తిరిగే హార్డ్ డిస్కు తీసేసి తిరగనిది వేసింది. గాజు పెట్టె పోయి మందపాటి రేకు పెట్టె వచ్చింది. కరెంటు సప్లై డబ్బా మాత్రం మొదటి దాని కంటే ఖరీదైనది తెచ్చింది. భారం తక్కువైతే దాని ఫ్యాను తిరగనే తిరగదు. మిగిలిన డబ్బుతో ఒక రిమోట్ కొంది.

వేగం సగానికి పడిపోయింది. చూడటానికి బియ్యం డబ్బాలా ఉంది. ఆ ముప్పై అయిదు వేలకు ఇదా అని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ఆమెకు తోచలేదు. ఆ కోపం ఒకటి లోపల అలాగే ఉంది.

శనివారం పదకొండున్నరకు ఆమే ఫ్యాను ఆపింది. ఆమే షట్టర్ దించింది. "వాచీ ఇయ్యుండ్రి," అని చెయ్యి చాపింది. కీ ఇచ్చి, నడుస్తున్న మిషను మీద పెట్టి, జానెడు ఎత్తున తల వంచింది. చాలాసేపు అలాగే ఉంది. తర్వాత పక్కకు తప్పుకుంది.

జబ్బార్ సాబ్ వంగలేదు. దగ్గరికి కూడా రాలేదు. "వీరస్వామి సారుకు ఫోన్ చెయ్," అన్నాడు.

ఆమె వాచీ తీసి ఆయన చేతికిచ్చింది. "మొదటి దినమే చెప్తే ఏమైతుండె ఉస్తాద్? మూడు దినాలు నా పానం తీసిండ్రు."

"చెప్తే నా మాటే వింటుంటివి," అన్నాడు జబ్బార్ సాబ్. ఫ్యాను వేసుకోమని చేత్తో చూపించాడు.

తొమ్మిది రోజుల తర్వాత, సోమవారం, రిమోట్ పనిచేయడం లేదని వీరస్వామి ఫోన్ చేశాడు. నవనీత సాయంత్రం బస్సులో జనగామ పోయింది. రిమోట్‌లో బ్యాటరీలు తిరగేసి వేశారు. అర నిమిషం పని. వీరస్వామి భార్య చాయ్ తాగి పొమ్మంది.

సినిమా పెట్టారు. టీవీ కింద రేకు పెట్టె ఉంది. ఇంటి వాళ్లు ఆరుగురు చాప మీద కూర్చున్నారు. కానీ వాళ్లు టీవీకి ఎదురుగా కూర్చోలేదు. గోడకు ఆనుకుని ఉన్న ఒక పెద్దాయన చుట్టూ దగ్గరదగ్గరగా చేరారు. ఆయన మెడకు తెల్ల తువ్వాల చుట్టి ఉంది. తెర మీద మనిషి నోరు తెరవడానికి ఒక్క క్షణం ముందు ఈయన పెదాలు కదిలేవి. అందరూ అటు చెవులు పెట్టి వినేవాళ్లు. విని పడీపడీ నవ్వేవాళ్లు. టీవీ శబ్దం బాగా తగ్గించి పెట్టారు.

గుమ్మం దాకా సాగనంపుతూ వీరస్వామి చెప్పాడు. ఆయన తన అన్న సోమనర్సయ్య. ముప్పై ఒక్క సంవత్సరాలు సినిమా రిక్షాలో మైకు పట్టుకుని, కొత్త ఆట వచ్చిందని ఊరూరా కేకేసిన మనిషి. రెండేళ్ల కింద గొంతుకు ఆపరేషన్ చేశారు. ఇప్పుడు మిగిలింది ఊపిరి పాటి చప్పుడే.

ఆ మొదటి శనివారం షాపులో వీరస్వామికి వచ్చిన ఫోను ఆయనదే.