పంతొమ్మిది మందికి ఒకే క్షమాభిక్ష

పూర్వం ఒక రాజ్యంలో, సంతలో వెళ్తున్న మంత్రి పల్లకీ మీద కోటప్ప అనేవాడు రాయి విసిరాడు. చూసి నవ్విన పద్దెనిమిది మందిని కూడా మంత్రి రాజద్రోహులని పట్టించాడు. వాళ్లలో బుట్టలల్లే గురవమ్మ ఒకతె. తోటి ద్రోహుల పేర్లు ఆమెకు చెరసాలలోనే తెలిశాయి.

విచారణలో తన మాట విడిగా వినమని ఆమె రాజును వేడుకుంది. మంత్రి అడ్డుపడ్డాడు.

"వీళ్లంతా ఒకే ముఠా ప్రభూ. ఒకరు చేసింది అందరూ చేసినట్టే."

రాజు తలూపాడు. ఇక ఉరి తప్పదనుకుంది గురవమ్మ.

అప్పుడు మంత్రి కోటప్పను సాక్షిగా నిలబెట్టాడు. ఈ పద్దెనిమిది మందే తనచేత రాయి వేయించారని వాడు అప్పజెప్పాడు.

"రాయి వేసింది వీడేగా. వీడికి సంకెళ్లేవి బాబూ?" అని గురవమ్మ మంత్రిని అడిగింది.

"నేరం ఒప్పుకున్నాడని మహారాజు క్షమించారు."

గురవమ్మ రాజు వైపు తిరిగి దణ్ణం పెట్టింది.

"అయితే మేమూ ఇళ్లకు పోతాం మహారాజా. వాడు వేసిన రాయి మా అందరిదీ అయినప్పుడు, వాడికిచ్చిన క్షమాభిక్ష వాడొక్కడిదే ఎలా అవుతుంది?"

కాదంటే ఒక్కొక్కరినీ విడిగా విచారించాలి. నవ్వడం తప్ప వాళ్లు చేసిందేమీ లేదు.

రాజు అందరి సంకెళ్లూ విప్పమన్నాడు. విప్పే పని మంత్రికే అప్పగించాడు.